ఒకే క్యాబిన్‌లో మామా అల్లుడూ

దెద్దాకు జ్వరం వచ్చిందనగానే ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ వణికినవాడు ఆయన అల్లుడు.

దెద్దా నడిహాల్లో పరుపు మీద ముసుగు తన్ని పడుకున్నాడు. అల్లుడు యర్బా లోపలి గదిలో, తలుపు వెనకాల, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ గదిలోంచి వీధిలోకి పోవడానికి ఒకటే దారి. అది మామగారి పాదాల పక్కనుంచి పోతుంది.

పెళ్ళయి పదకొండు నెలలు. ఈ పదకొండు నెలల్లో మామ మొహాన్ని అల్లుడు తేరిపార చూసింది లేదు, అల్లుడి గొంతు మామ విన్నదీ లేదు. మరుగు అంటే మరుగే. మామ ఎదురొస్తే అల్లుడు తలపాగా చెంగు ముక్కు మీదికి లాక్కుని పక్క సందులో దూరాలి. మామ ముందు తినకూడదు, తాగకూడదు, నవ్వకూడదు, భార్య పేరు ఎత్తకూడదు. ఎడారిలో ఒంటెల వెంట తిరిగిన తాతలు పెట్టిన మర్యాద అది. తాతలు పోయారు, ఒంటెలు పోయాయి, జనం ఈ నువాదిబు రేవుకొచ్చి ఇనప రాతి మీద బతకడం నేర్చారు. మర్యాద మాత్రం వాళ్ళ వెంటే వచ్చింది.

అందుకని ఆ ఇంటి కాపురం కంపెనీ సైరన్‌ని బట్టి నడిచేది. పొద్దున సైరన్ కూసి మామ పనికి పోతే అల్లుడు లోపలికి. సాయంత్రం సైరన్ కూస్తే అల్లుడు బయటికి, అదే కంపెనీలో రాత్రి పనికి. ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఇవాళ తప్పింది.

"జ్వరమా? ఏదీ, నుదురు చూడనీ," అంది తెక్బర్, మొగుడి నెత్తిన నిలబడి.

"ముట్టుకోకు. అంటుకుంటుంది."

"ముప్ఫై ఏళ్ళుగా నీ కోపం అంటుకోలేదు, నీ గురక అంటుకోలేదు. ఈ జ్వరం అంటుకుంటుందా?" ఆమె వంగి నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. "ఐసు మీద పెట్టిన చేపలా ఉన్నావు కదయ్యా!"

"లోపలి జ్వరం."

"ఎంత లోపలిది? కంపెనీ గోడ మీద అంటించిన కాగితం దాకా ఉందా?"

దెద్దా ముసుగు ఇంకొంచెం పైకి లాక్కున్నాడు.

ఆ కాగితమే అన్నిటికీ మూలం. గని నుంచి రైలు మోసుకొచ్చే రాతిని, పెట్టెకు పెట్టెనే పట్టుకుని బోర్లించే పెద్ద చక్రం ఒకటుంది. పగటిపూట పైన క్యాబిన్‌లో కూర్చుని దాన్ని తిప్పేవాడు దెద్దా. ఏడాది చివరికి ఆయన పని మానేస్తాడు. ఈలోగా పని నేర్చుకోవడానికి ఆయన పక్కన ఫలానా యర్బా కూర్చోవలెను అని కాగితంలో రాశారు. రాసినవాడు ఏ దేశంవాడో గానీ, మామ పక్కన అల్లుణ్ణి కూర్చోబెట్టడమంటే నడివీధిలో ఇద్దరి బట్టలూ ఊడదీయడమేనని వాడికి చెప్పినవాడు లేడు.

ఇవాళ మొదటి రోజు. అల్లుడు క్యాబిన్‌కి వస్తాడని మామ ఇంట్లో పడుకున్నాడు. మామ క్యాబిన్‌లో ఉంటాడని అల్లుడు మామ ఇంట్లో దాక్కున్నాడు. దెద్దా స్నానాల గదిలో ఉండగా యర్బా ఎప్పటిలాగే గబగబా లోపలికి వచ్చేశాడు. ఆయన బయటికొచ్చి నడిహాల్లో పరుపు పరిచాడు. అంతే, ఎలుక బోనులో పడింది.

"ఇప్పుడేం చేస్తావు?" సెల్కా గుసగుసగా అడిగింది. ఏడో నెల. రెండు చేతులూ వెనక నడుం మీద పెట్టుకుని మంచం అంచున కూర్చుంది.

"కిటికీలోంచి పోనా?"

"చువ్వలున్నాయి. ఈ ఊళ్ళో ఇనుముకేం కరువు?"

"మరెట్లా?"

"పొద్దున్నే క్యాబిన్‌కి పోయుంటే ఈ తిప్పలు లేవుగా."

"అక్కడ మీ నాన్న ఉంటాడు!"

"ఇక్కడున్నాడు!"

"ఇక్కడుంటాడని నాకేం తెలుసు? ఇక్కడ ఉండడనేగా ఇక్కడికొచ్చింది!"

సెల్కాకు నవ్వొచ్చింది. నవ్వితే కడుపులో పిల్ల తన్నింది. తన్ను పడగానే నవ్వు ఆగిపోయింది.

"ఒక్క మాట చెప్తా విను. నువ్వు ఈ క్యాబిన్ వద్దంటే వాళ్ళు నిన్ను జువెరాత్ గనికి తోలేస్తారు. నేను రాను. సముద్రం లేని ఊళ్ళో, ఆ రాళ్ళ వేడిలో నా బిడ్డ పుట్టడానికి వీల్లేదు. నువ్వు రెణ్ణెల్లకోసారి రైలెక్కి వచ్చి బిడ్డ మొహం చూసుకుని పోవాలి."

"నన్నేం చేయమంటావే?"

"మగాడిలా పోయి మా నాన్న పక్కన కూర్చో."

"మగాడిలా కూర్చోగలను. అల్లుడిలా ఎట్లా కూర్చునేది?"

గాలి కిటికీలోంచి ఇంత ఎర్ర ధూళి తెచ్చి ఇద్దరి మీదా చల్లింది. యర్బా ముక్కు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చివరికి పై కప్పు అదిరేలా తుమ్మాడు.

నడిహాల్లో ముసుగు కదిలింది.

"ఎవరది?"

"మేక, నాన్నా," అంది సెల్కా గదిలోంచి.

"పడగ్గదిలో మేకేంటి?"

"జలుబు చేసింది పాపం, చలిగాలికి లోపల కట్టేశాను."

పరుపు మీద దెద్దా మెల్లిగా పక్కకు తిరిగిన చప్పుడైంది. ఆయనకు అంతా తెలిసిపోయింది. తెలిసిందని అల్లుడికీ తెలిసిపోయింది. ఇద్దరి చెంపలూ గోడకు చెరోవైపున కాలిపోయాయి.

అప్పుడే వీధిలో కంపెనీ జీపు ఆగింది.

"సలాం! ఈ ఇంట్లో ఎవరున్నారు? కాదు కాదు, ఎవరు లేరో చెప్పండి, త్వరగా తెములుతుంది!"

ఆ గొంతు సాంబాది. షిఫ్టు మేస్త్రీ. దక్షిణాన నది ఒడ్డు ఊరివాడు, పులార్ భాష మాట్లాడే మనిషి. ఆయన మాట్లాడితే రైలింజను కూత కూడా చిన్నబోతుంది.

"రా నాయనా సాంబా," అంది తెక్బర్. "చూడు మీ వీరుణ్ణి."

సాంబా గుమ్మంలో నిలబడి పరుపు వంక చూశాడు. "రెండు వందల పెట్టెల రైలు యార్డులో నిలబడి ఉందమ్మా. రేవులో ఓడ నోరు తెరుచుకుని కూర్చుంది. రాత్రిపూట చక్రం తిప్పేవాడు కళ్ళు మూతలు పడుతున్నాయని దిగిపోయాడు. మామకు జ్వరమట. అల్లుడేమో రాలేనని కబురు పంపాడు."

"వాడికేమైందట?"

"వాడికేం కాలేదు. అత్తగారికి జ్వరమట. మంచం దిగడం లేదట, దగ్గరుండి చూసుకోవాలట."

తెక్బర్ ఒకసారి లోపలి గది తలుపు వంక చూసింది. తలుపు వెనక యర్బా నేల చీలితే బాగుండనుకున్నాడు.

"నాకా!" అంది ఆమె. "నన్ను మంచాన పడేశాడా ఆ సచ్చినోడు! మంచిదే, దగ్గరుండే చూసుకుంటున్నాడులే!"

సాంబాకు విషయం అర్థమైంది. నవ్వు ఆపుకోవడానికి చేత్తో మొహం తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి మాట్లాడాడు.

"దెద్దా, హాస్యం పక్కన పెడతా. మధ్యాహ్నం నమాజు లోపల మీరిద్దరూ క్యాబిన్‌లో ఉండాలి. సాయంత్రం నువ్వు నాకొక్క మాట చెప్పాలి. కుర్రాడు పనికొస్తాడా, రాడా? వస్తాడంటే క్యాబిన్ మనిషి. రాడంటే సాయంత్రం రైల్లో గనికి పోతాడు. ఇది నా చేతుల్లో లేదు, ఆఫీసువాళ్ళు తేల్చేశారు."

"నాకు పక్కన మనిషి అక్కర్లేదు," అన్నాడు దెద్దా ముసుగులోంచి.

"రెండో కుర్చీ కూడా వేయించాను."

"తీయించెయ్. ముప్ఫై ఏళ్ళు ఒక్కణ్ణే తిప్పాను. నా పక్కన కూర్చుని నా చేతులకేసి చూసేవాడు నాకొద్దు."

ఆ మాటలో మర్యాద కంటే ఎక్కువ ఇంకేదో ఉందని తెక్బర్‌కి అనిపించింది. మొగుడి మొండితనానికి మందు అడగడం కాదని ఆమెకు తెలుసు. చరచరా పోయి పెట్టె తెరిచి తన పాత నీలిమందు మెలహఫా తీసుకొచ్చింది. ఆడవాళ్ళు చుట్టుకుంటే తల నుంచి మడమల దాకా వచ్చే గుడ్డ, నాలుగు బారలు.

"ఇదిగో. క్యాబిన్ మధ్యలో తెర కట్టుకోండి. మన తాతల గుడారాల్లో ఎంత చోటుండేది? అత్తా మామా, అల్లుడూ కూతురూ, రెండు మేకలూ అందులోనే పడుకునేవాళ్ళు, మధ్యలో ఇట్లాంటి గుడ్డ ఒకటి అడ్డం. వాళ్ళ మర్యాద పోలేదు. ఇనప గుడారంలో మీ మర్యాదెట్లా పోతుంది?"

సాంబా చప్పట్లు కొట్టాడు. "ఈవిణ్ణి తీసుకెళ్ళి ఆఫీసులో కూర్చోబెట్టాలి!"

"ఆఫీసు సంగతి తర్వాత. లే అయ్యా. ముందు గోడ వైపు తిరుగు."

"ఎందుకు?"

"మేక బయటికి పోతోంది."

దెద్దా గోడ వైపు తిరిగాడు. యర్బా తలపాగా కళ్ళ దాకా చుట్టుకుని, చెప్పులు చంకలో పెట్టుకుని, ఒక్క ఉరుకున హాలు దాటాడు. వెనకనుంచి సెల్కా నవ్వు వీధి దాకా వినబడింది.

జీపులో మామ ముందు కూర్చున్నాడు. అల్లుడు వెనకాల స్పేర్ టైరు మీద, వెనక్కి తిరిగి. దారి పొడుగునా సాంబా ఒక్కడే మాట్లాడాడు.

వాళ్ళు చేరేసరికి యార్డులో అందరూ అసహనంగా ఉన్నారు. రైలు పొద్దున్నుంచీ ఎండలో ఉంది. పెట్టెల వెంట నడిచి పైన ఎవరైనా ఉన్నారేమో, ఏదైనా ఉందేమో చూసేవాళ్ళు ఆ హడావిడిలో సగం చూసి సగం వదిలేశారు. "పోనివ్వండి, పోనివ్వండి!" అని కింద కేకలు.

క్యాబిన్‌లో రెండు కుర్చీల మధ్య మెలహఫా కట్టారు. ఎదురుగా అద్దం, అద్దం కింద చక్రం. తెరకు అటు మామ, ఇటు అల్లుడు. రెండు పెట్టెలు లోపలికి వచ్చి ఆగాయి.

దెద్దా గొంతు సవరించుకున్నాడు. అల్లుడితో మాట్లాడకూడదు. కాసేపు ఆలోచించి యంత్రంతో మొదలుపెట్టాడు.

"ఓ చక్రమా! పెట్టెలు రెండూ సరిగ్గా నీ ఒళ్ళోకి వచ్చాయా లేదా ముందు చూసుకో. తర్వాత పెట్టెల్ని బిగించే ఇనప పట్లు పడతాయి. చప్పుడు విను. టక్కుమని రెండుసార్లు రావాలి. ఒక్కసారే వస్తే చచ్చినా తిరగబోకు. తెలిసిందా?"

యర్బాకు అర్థమైంది. అయినా నోరు విప్పకూడదు. కాలి మడమతో ఇనప నేల మీద ఒకసారి కొట్టాడు.

"ఒకటంటే అవునన్నమాట," అన్నాడు దెద్దా చక్రంతో. "కాదంటే రెండు కొట్టు."

చక్రం తిరిగింది. రెండు పెట్టెల రాయి ఉరుము ఉరిమినట్టు కిందికి పోయింది. ఎర్ర దుమ్ము అద్దం దాకా లేచింది.

పదో జత దాటేసరికి ఇద్దరికీ వరస కుదిరింది. పదిహేనో జతకు దెద్దాకు హుషారొచ్చింది. "ఈ చక్రానికి బుర్ర ఉందే! నిన్నటిదాకా మొద్దనుకున్నాను," అన్నాడు. తెర వెనక యర్బా తలపాగా లోపల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

మధ్యాహ్నం తెక్బర్ కట్టిచ్చిన చేపల అన్నం రెండు గిన్నెల్లో ఉంది. ఒకరు నమిలే చప్పుడు ఒకరికి వినబడకూడదు. ఆకలికి పొట్టలు మాత్రం రెండూ బాహాటంగానే అరిచాయి. చివరికి యర్బా ఉపాయం కనిపెట్టాడు. చక్రం తిరిగేటప్పుడు ఆ హోరులో ఒక ముద్ద నోట్లో పెట్టుకుని గబగబా నమిలి మింగేశాడు. రెండో తిరుగుడుకి తెర అవతల కూడా గిన్నె చప్పుడైంది. ఒక తిరుగుడుకి ఒక ముద్ద. ఆ పూట చక్రం ఎప్పుడూ లేనంత జోరుగా తిరిగింది.

"సాయంత్రం సాంబాతో ఏం చెప్పాలో నాకు తెలుసులే, చక్రమా," అన్నాడు దెద్దా కడుపు నిండాక. "కంగారు పడకు."

యర్బా గుండె తేలికైంది. సెల్కా మొహం కళ్ళ ముందు ఆడింది.

కానీ ఒక సంగతి అతన్ని గిల్లుతూనే ఉంది. మామ చెప్పే పాఠమంతా చెవులతోనే. పట్టు చప్పుడు విను, గొలుసు చప్పుడు విను, రాయి జారే చప్పుడు విను. "చూసుకో" అని చక్రానికి చెప్తాడు గానీ, తను చూసి చెప్పింది ఒక్కటి లేదు.

నలభై మూడో జత వచ్చింది.

వెనక పెట్టెలో రాతి మీద ఒక మూట ఉంది. దుమ్ముకొట్టి, పసుపు అంచు తప్ప, రాతి రంగులో కలిసిపోయింది. ఎవరో సామాను మర్చిపోయారనుకున్నాడు యర్బా. గని నుంచి వచ్చే రైలు మీద ఊరికే ఎక్కి రావడం జనానికి అలవాటే, స్టేషన్‌లో దిగిపోతారు.

మూటలోంచి ఒక పాదం బయటికొచ్చి, రెండో పాదాన్ని గోక్కుంది.

"టక్, టక్," అన్నాడు దెద్దా. "రెండు పట్లూ పడ్డాయి." ఆయన చెయ్యి చక్రం తిప్పే పిడి మీదికి పోయింది.

యర్బా నేల మీద మడమతో రెండుసార్లు కొట్టాడు.

"కాదంటావేం? పడ్డాయిగా, విన్నాను!" పిడి కదిలింది. పెట్టెలు పక్కకు ఒరగసాగాయి.

"మామా, ఆపండి! మనిషి! పైన మనిషున్నాడు!"

చక్రం కీచుమంటూ ఆగింది. జానెడు ఒరిగింది, అంతే. నాలుగు రాళ్ళు జారి కిందపడ్డాయి. మూట లేచి కూర్చుంది. అందులోంచి దుమ్ము గడ్డంతో ఒక ముసలాయన బయటపడ్డాడు.

"ఎవర్రా కదిపింది? మనిషిని పడుకోనివ్వరా? స్టేషనొచ్చిందా?"

"స్టేషను పొద్దున్నే దాటిపోయింది తాతా!" కిందనుంచి ఎవరో అరిచారు. "దిగు, దిగు!"

"నా చెప్పు ఒకటి కనబడటం లేదు. అది దొరికితే గానీ దిగను!"

కింద నవ్వులు లేచాయి. ఆ నవ్వుతున్నవాళ్ళే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెట్టె కింద ఎంత లోతుందో వాళ్ళకు తెలుసు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

దెద్దా పిడి వదిలి తెర వైపు తిరిగాడు.

"ఎంత దూరాన ఉండగా చూశావు?" దెద్దా అడిగాడు. ఈసారి చక్రాన్ని కాదు.

"పెట్టె లోపలికి రాకముందే కనబడింది మామా. మూటనుకున్నాను."

"ఏం రంగు మూట?"

"ఎర్ర దుప్పటి. అంచు మాత్రం పసుపు."

"పసుపంచు..." అన్నాడు దెద్దా నెమ్మదిగా. "నాకు రాయి కనబడింది. ఆర్నెల్లుగా ఈ కళ్ళకంతా రాయే."

ఆయన పక్కన మనిషి వద్దని ఎందుకంత పట్టుబట్టాడో యర్బాకు అప్పుడు తెలిసింది. "అత్తకు తెలుసా?" అని అడిగేశాడు, తను మాట్లాడకూడదన్నది మర్చిపోయి.

"దానికి తెలిస్తే ఈపాటికి రేవులో చేపలక్కూడా తెలిసేది."

ఫోను మోగింది. దెద్దా తడుముకుని తీశాడు. సాంబా గొంతు తెరకు ఇవతలికి కూడా వినబడింది.

"చక్రం ఎవరాపారు? ఎందుకాపారు? ఆఫీసువాళ్ళు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటారట. దెద్దా! వింటున్నావా?"

దెద్దా ఫోనును అరచేత్తో మూశాడు.

"నా చెయ్యి తగిలి ఆగిందని చెప్పండి మామా," అన్నాడు యర్బా తెర ఇవతలనుంచి.

"చెప్తే సాయంత్రం రైలెక్కిస్తారు నిన్ను."

"ఎక్కుతాను. నిజం చెబితే మిమ్మల్ని ఈ పూటే చక్రం మీదనుంచి దించేస్తారు. ముప్ఫై ఏళ్ళ పని."

"నువ్వు రైలెక్కితే నా కూతురు నన్ను బతకనిస్తుందా?" దెద్దా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. "ఆ ముసలాడు కిందపడి ఉంటే, యర్బా?"

ఆయన అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

తెర కింద నుంచి ఫోను ఇవతలికి వచ్చింది.

"చూసింది నువ్వు. నువ్వే చెప్పు. నేనిక్కడుంటే నీకు నోరు పెగలదు, నే కిందికి పోతున్నా."

తలుపు తెరుచుకుంది. గాలి హోరుమంటూ లోపలికొచ్చింది. యర్బా ఫోను చెవికి పెట్టుకుని అద్దంలోంచి చూశాడు. మామ కమ్మీని రెండు చేతులా పట్టుకుని, ఒక్కొక్క మెట్టునూ ముందు కాలితో తడుముకుని, అది ఉందని తేలాక రెండో కాలు దించుతున్నాడు.

"హలో! ఎవరది ఊపిరి తీస్తున్నది? మామా, అల్లుడా?"

"అల్లుణ్ణి."

"అయితే నువ్వే చెప్పు. ఎవరాపారు? ఎందుకు?"

"చూసింది చూసినట్టే చెప్తానన్నా," అన్నాడు యర్బా. "కొంచెం ఆగు. ఆయన ఇంకా మెట్లు దిగలేదు."